ఆఫీసుకు రెండు స్కర్టులు, ఒక డ్రెస్సు

ప్రశ్న: నమస్తే మేడమ్. నా వయసు 23. మాది ఖమ్మం. మూడు నెలల కిందట హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కంపెనీ అకౌంట్స్ విభాగంలో ఉద్యోగం వచ్చింది. అమీర్‌పేటలో హాస్టల్లో ఉంటూ మెట్రోలో రాయదుర్గం వెళ్లొస్తాను. జీతం చేతికి 22 వేలు. హాస్టల్ ఫీజు, ఇంటికి పంపేది పోగా మిగిలేది తక్కువే. కాలేజీ రోజుల కుర్తీలు, లెగ్గింగ్స్‌తోనే ఇప్పటిదాకా నెట్టుకొస్తున్నాను. మా టీమ్‌లో చాలామంది డ్రెస్సులు, స్కర్టులు వేసుకుంటారు. నాకూ ఇష్టం. మొదటి జీతంతో ఆన్‌లైన్‌లో 1,800 పెట్టి ఒక డ్రెస్సు కొన్నాను. నిలబడితే బాగానే ఉంది. కూర్చుంటే మోకాళ్ల పైకి పోతోంది, వెలుతురులో లోపలిది కనిపిస్తోంది. ట్యాగ్ తీసేయడంతో వాపసు తీసుకోలేదు. అలమారలోనే ఉంది. నా ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, తొడలు కాస్త లావు. హాస్టల్లో ఇస్త్రీ పెట్టె వాడనివ్వరు. ఇంటి దగ్గర జాకెట్లు కుట్టే మా అమ్మ 'అవన్నీ మనకెందుకు' అంటుంది. 5 వేలలో ఏం కొనుక్కుంటే బాగుంటుంది? ఉన్న నాలుగే తిప్పి తిప్పి వేసుకుంటే ఆఫీసులో నవ్వుతారేమోనని టెన్షన్‌గా కూడా ఉంది.
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చిన మాట 'నాకూ ఇష్టం' అన్నది. కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయిలు చాలామంది 'అందరూ వేసుకుంటున్నారు, నాకు తప్పదేమో' అని రాస్తుంటారు. వాళ్లకైతే కుర్తీల్లో హాయిగా ఉండండి, ఏ ఆఫీసూ వద్దనదు అని చెబుతాను. మీకు ఇష్టం కాబట్టి, మీ డబ్బుకు సరిపోయే దారి చెబుతాను. 5 వేలూ ఒకేసారి ఖర్చు పెట్టించను. ఇప్పటికి మీకు కావలసినవి మూడే: రెండు స్కర్టులు, ఒక షర్ట్ డ్రెస్సు. మిగతావి మీ అలమారలో ఉన్నాయి.

ముందు మీ రోజు ఎలా గడుస్తుందో చూద్దాం. ఉదయం అమీర్‌పేట స్టేషన్‌దాకా నడక. మెట్లు, ఎస్కలేటర్, కిక్కిరిసిన రైలులో నిలబడటం. రాయదుర్గంలో దిగాక షేర్ ఆటోనో, బైక్ ట్యాక్సీనో. ఆ తర్వాత ఏసీలో ఎనిమిది గంటలు కుర్చీలో. షాపులో అద్దం ముందు మనం నిలబడే చూసుకుంటాం. ఆఫీసులో మాత్రం పొద్దస్తమానం కూర్చునే ఉంటాం. మీ 1,800 డ్రెస్సు విషయంలో జరిగింది అదే. అందులో మీ శరీరం తప్పేమీ లేదు. మోకాలి దగ్గర ఆగే ఏ డ్రెస్సైనా కూర్చుంటే రెండు మూడు అంగుళాలు పైకి పోతుంది. తొడల దగ్గర బిగుతుగా ఉంటే ఇంకా ఎక్కువ.

కాబట్టి మొదట తేల్చుకోవలసింది పొడవు. దీనికి టైలర్ అక్కర్లేదు. మీ కుర్తీల్లో పొడవు బాగా నచ్చినదాన్ని మంచం మీద పరిచి, మెడ పక్కన భుజం కుట్టు దగ్గర నుంచి కింది అంచుదాకా టేపుతో కొలవండి. ఆ అంకెను ఫోన్‌లో రాసి పెట్టుకోండి. మీ ఎత్తుకు డ్రెస్సు పొడవు 40 నుంచి 42 అంగుళాలు ఉంటే పిక్కల మీదికి వస్తుంది, కూర్చున్నా మోకాలు దాటి కిందే ఉంటుంది. స్కర్టుకైతే నడుం నుంచి 28 నుంచి 30 అంగుళాలు. ఇకపై ఆన్‌లైన్‌లో ఏది చూసినా ముందు ఫొటో కాదు, ఈ అంకె చూడండి. చాలా సైట్లలో మోడల్ ఎత్తు కూడా రాస్తారు, 5 అడుగుల 8 అంగుళాలని ఉంటుంది తరచుగా. ఆమెకు మోకాలి కిందికి వచ్చింది మీకు ఇంకో నాలుగు అంగుళాలు దిగుతుంది. ఇక పాదాల దాకా జీరాడే మ్యాక్సీలు మీ దారికి పనికిరావు. ఎస్కలేటర్ పళ్లలో అంచు చిక్కుకోవచ్చు, వానాకాలంలో సాయంత్రానికి జానెడు మేర బురదే.

బైక్ ట్యాక్సీ సంగతి విడిగా చెప్పాలి. వెడల్పు స్కర్టుతో బైక్ ఎక్కేటప్పుడు వెనక చక్రానికి చీర గార్డు ఉందో లేదో చూడండి. వెనక కూర్చున్నవాళ్ల బట్టలు చక్రంలో పడకుండా సగం చక్రాన్నైనా కప్పే రక్షణ ఉండాలని మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది. చాలామంది అందానికని ఊడదీసేస్తారు. అది లేని బైక్ వస్తే ఆ రైడ్ వదిలేసి ఇంకోటి పిలవండి. ఎక్కాక స్కర్టు రెండు పక్కలా కూడగట్టి తొడల కిందికి తోసుకుని కూర్చోండి. చున్నీ వేసుకునే రోజుల్లోనూ ఇదే జాగ్రత్త.

ఇక స్కర్టులు. మొదటిది నల్లటి ఎ-లైన్ మిడి. నడుం దగ్గర సరిపోయి కిందికి వచ్చేకొద్దీ కొంచెం కొంచెంగా వెడల్పయ్యే కోత అది. తొడలు లావు అని రాశారు కదా, ఈ కోత తొడలను పట్టుకోదు, తుంటి మీదుగా జారి కిందికి పడుతుంది. నడకకు, మెట్లకు అడ్డు రాదు. కింది దాకా కాళ్లకు పట్టి బిగుతుగా ఉండే పెన్సిల్ స్కర్టు చూడటానికి బాగుంటుంది కానీ షేర్ ఆటో ఎక్కాలంటే కాలు చాపుకోలేరు. క్యాబ్‌లో వెళ్లొచ్చే రోజులు వచ్చాక కొనుక్కోవచ్చు.

ఈ నల్ల స్కర్టుకు నేను కాటన్ వద్దంటాను. నల్ల కాటన్, నల్ల రేయాన్ హైదరాబాద్ బోరు నీళ్లలో పది ఉతుకులకే బూడిద రంగులోకి దిగిపోతాయి. పాలిస్టర్ క్రేప్‌లో నలుపు ఎక్కువ కాలం నిలుస్తుంది, ముడతలు పడదు, మీకు ఇస్త్రీ పెట్టె బెడద ఉండదు. ఎండలో కాస్త ఉక్కగా ఉంటుంది, నిజమే. కానీ మీ రోజులో ఎండలో ఉండేది కాసేపే, మిగతాదంతా ఏసీ. లోపల లైనింగ్ ఉన్నదే తీసుకోండి. లైనింగ్ లేని సింథటిక్ స్కర్టు ఏసీ గాలిలో కాళ్లకు అతుక్కుపోతుంది. లైనింగ్ లేనిది బాగా నచ్చితే లోపల పలచని కాటన్ స్లిప్ వేసుకోండి, అతుక్కోవడం చాలా వరకు తగ్గుతుంది. సన్నని మడతలతో వచ్చే ప్లీటెడ్ స్కర్టులు కూడా పాలిస్టర్‌లోనే కొనాలి. వేడితో అణచిన ఆ మడతలు పాలిస్టర్‌లో ఉతికినా నిలుస్తాయి. కాటన్‌లో మొదటి ఉతుక్కే పోతాయి. తర్వాత మడత మడతకూ ఇస్త్రీ చేసుకుంటూ కూర్చోవాలి.

రెండో స్కర్టు కొనొద్దు, కుట్టించుకోండి.

మీ అమ్మగారు జాకెట్లు కుడతారని ఒక్క ముక్కలో రాసి దాటేశారు. ఉత్తరం మొత్తంలో పెద్ద ఆస్తి అదే. జాకెట్టు కుట్టే చేతికి స్కర్టు పెద్ద పని కాదు. జాకెట్లో ఉండే చంకలు, కప్పులు, మెడల తంటా ఏదీ ఇందులో లేదు. 'అవన్నీ మనకెందుకు' అన్న మనిషి బహుశా మనసులో మోకాలి పైకి ఉండే స్కర్టును ఊహించుకుంటూ ఉండొచ్చు. గుడ్డ ఆమె చేతికిచ్చి 'అమ్మా, ఆఫీసుకు, పిక్కల దాకా కావాలి' అని అడిగి చూడండి. పొడవు ఎంతో, లోపల ఎంత మందం లైనింగ్ వేయాలో ఆమే తేలుస్తుంది. వాదించి ఒప్పించడం కంటే ఈ దారి మేలని నా నమ్మకం.

గుడ్డ విషయానికి వస్తే, పోచంపల్లి ఇకత్ కాటన్ మీకు దగ్గరలో దొరికే మంచి సరుకు. మాదాపూర్ శిల్పారామంలో చేనేత దుకాణాలుంటాయి, మీ ఆఫీసుకు దగ్గరే. కోఠి, సుల్తాన్ బజార్, సికింద్రాబాద్ జనరల్ బజార్ వైపు వెళ్తే మీటర్ల లెక్కన అమ్మే కొట్లు, కట్ పీస్ సెంటర్లు వరసగా ఉంటాయి. ఇకత్ అని అచ్చు గుడ్డ అంటగట్టే వాళ్లూ ఉంటారు, చూసుకోవాలి. గుడ్డ తిరగేసి చూడండి. నేసిన ఇకత్‌కు నూలుకే ముందు రంగు అద్ది తర్వాత నేస్తారు కాబట్టి రెండు వైపులా డిజైను దాదాపు ఒకేలా ఉంటుంది, గీతల అంచులు కొద్దిగా చెదిరినట్టు ఉంటాయి. అచ్చు గుడ్డకైతే వెనక వైపు వెలిసినట్టు ఉంటుంది, గీతలు కత్తితో కోసినట్టు ఉంటాయి. అచ్చు గుడ్డ కొనడం నేరమేం కాదు, చేనేత ధర పెట్టకపోతే చాలు. మీ కుర్తీలన్నీ పూల డిజైన్లవే అయితే ఇకత్ మానేసి, ఒకే రంగులో సన్నని నిజాం అంచుతో వచ్చే మంగళగిరి కాటన్ తీసుకోండి. ఆ అంచు స్కర్టు కింద వచ్చేలా కత్తిరిస్తే ఇంకే అలంకారమూ అక్కర్లేదు.

మామూలు 44 అంగుళాల పన్నాలో రెండున్నర మీటర్లు తీసుకుంటే బెల్టుకు, జేబులకు, ముడుచుకుపోయే వంతుకు అన్నిటికీ సరిపోతుంది. లైనింగ్‌కు పలచని కాటన్ రెండు మీటర్లు. రెండూ ఖమ్మం తీసుకెళ్లేముందు ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి నీడలో ఆరేయండి. కుట్టాక ముడుచుకుపోతే నడుం పట్టదు. అమ్మగారికి ఇలా చెప్పండి: ముందు వైపు బెల్టు చదునుగా, వెనక వైపు మాత్రం ఎలాస్టిక్. ముందు చదునుగా ఉంటే టాప్ లోపలికి దోపుకున్నా పొట్ట దగ్గర ఉబ్బుగా కనిపించదు. వెనక ఎలాస్టిక్ ఉంటే భోజనం అయ్యాక కూడా ఇబ్బంది ఉండదు, ఒకటి రెండు కిలోలు అటూ ఇటూ అయినా స్కర్టు మూలన పడదు. రెండు పక్క కుట్లలో ఫోన్, మెట్రో కార్డు పట్టే జేబులు. కింది అంచుకు రెండంగుళాల మడత పెట్టి చేత్తో హెమ్మింగ్. మిషన్ కుట్టు బయటికి కనిపిస్తే ఇంట్లో వేసుకునే బట్టలా ఉంటుంది. చేతి హెమ్మింగ్‌తో అదే గుడ్డ ఆఫీసు స్కర్టు అయిపోతుంది. లైనింగ్ మాత్రం పై గుడ్డ కంటే రెండంగుళాలు పొట్టిగా ఉండాలి, నడిచేటప్పుడు బయటికి తొంగి చూడకుండా.

ఈ స్కర్టు మొత్తం ఖర్చు వెయ్యి దాటకుండా చూసుకోండి. కొట్టతను చెప్పిన ధర అంతకు మించితే ఇంకో కొట్టు చూడండి, అదే వీధిలో పది ఉంటాయి. మీరు ఆషాఢంలో కొంటుంటే ఇంకా మంచిది. డిస్కౌంట్ బోర్డులు పెద్ద షోరూముల్లోనే కాదు, గుడ్డల కొట్లలోనూ ఉంటాయి. రెండున్నర మీటర్ల తుంపులు చౌకగా పడేస్తారు. మీకు కావలసింది సరిగ్గా అంతే.

పైన ఏం వేసుకోవాలి అంటారు కదా. మీ పాత కుర్తీలే. అంచు దగ్గర వెలిసిపోయినవి, లెగ్గింగ్స్ మీద మోకాళ్ల దగ్గర నూలు లేచినవి తప్పకుండా రెండు మూడు ఉంటాయి. పై భాగం బాగున్నవి ఏరి, తుంటి దగ్గరికి, అంటే భుజం నుంచి 23, 24 అంగుళాలకు కత్తిరించి అంచు మడిపించండి. పక్క చీలికలు చాలా వరకు పోతాయి, కాస్త మిగిలితే కుట్టించేయండి, ఏ చిక్కూ లేదు. హాస్టల్ దగ్గరున్న ఏ ఆల్టరేషన్ టైలరైనా ఈ పని చేస్తాడు. అలా నాలుగు టాప్‌లు వచ్చాయనుకుందాం. ఒకే రంగువి ఇకత్ స్కర్టు మీదికి, డిజైన్లవి నల్ల స్కర్టు మీదికి ముందు వాడండి. మీ కన్ను అలవాటు పడ్డాక కలిపి చూసుకోండి, డిజైన్ మీద డిజైన్ కూడా రంగు కలిస్తే బాగుంటుంది. రెండు స్కర్టులు, నాలుగు టాప్‌లు కలిస్తే ఎనిమిది జతలు. షర్ట్ డ్రెస్సు రెండు రకాలుగా వేసుకుంటే పది. రెండు పని వారాలు గడిచిపోయాయి.

షర్ట్ డ్రెస్సు అంటే కాలర్, ముందు పైనుంచి కిందిదాకా గుండీలు, ముప్పావు చేతులతో పొడవాటి చొక్కాలా ఉంటుంది. డ్రెస్సుల్లో ఆఫీసుకు ఇంతకంటే పనికొచ్చేది నాకు తెలియదు. గుండీలు పెట్టి నడుముకు బెల్టు కడితే మీటింగుకు పనికొస్తుంది. గుండీలన్నీ విప్పి జీన్స్, టీషర్ట్ మీద వేసుకుంటే ఆదివారం సినిమాకు పొడుగాటి జాకెట్ అయిపోతుంది. లెగ్గింగ్స్ వేసుకుంటే ఖమ్మం బస్సెక్కొచ్చు, ఇంట్లో చుట్టాల ముందు కూడా ఎవరూ ఏమీ అనరు, ఎందుకంటే అప్పుడది కుర్తీలాగే ఉంటుంది. నేవీ బ్లూ గానీ, ముదురు ఆకుపచ్చ గానీ తీసుకోండి. తెలుపు, లేత గులాబీ రంగులు మెట్రోలో మాపు పట్టేస్తాయి, పైగా లోపలిది కనిపిస్తుంది. నెలసరి రోజుల్లో ముదురు రంగు ఇచ్చే ధీమా వేరే చెప్పక్కర్లేదు.

కొనేటప్పుడు మూడు చోట్ల చూడండి. ఛాతీ దగ్గర రెండు గుండీల మధ్య సందు తెరుచుకుంటోందా? సైజు పెంచితే భుజాలు జారిపోతాయి, కాబట్టి సైజు పెంచకుండా ఆ సందులో లోపల ఒక టిచ్ బటన్ వేయించండి. రెండోది, కుర్చీలో కూర్చుని ఒళ్లో గుండీల వరస ఎలా ఉందో చూడండి. అక్కడ తెరుచుకుంటుంటే కింది గుండీల మధ్య కూడా ఒకటి రెండు టిచ్ బటన్లు. మూడోది భుజం కుట్టు. అది మీ భుజం ఎముక చివరనే ఉండాలి. నడుం, పొడవు, చేతులు ఏ టైలరైనా సరిచేస్తాడు. భుజాలు విప్పి కుట్టడం పెద్ద పని, డబ్బులు ఎక్కువ, కుదురుతుందన్న భరోసా తక్కువ. భుజం కుదరని డ్రెస్సు సగం ధరకు వచ్చినా వద్దు.

షాపులో ట్రయల్ రూంలో ఉన్నప్పుడు వంగి నేల మీది బ్యాగు తీసినట్టు చేయండి, మెడ ఎంత దిగుతోందో అద్దంలో కనిపిస్తుంది. మెట్రోలో పైన హ్యాండిల్ పట్టుకున్నట్టు చేయి ఎత్తండి, అంచు ఎంత పైకి పోతోందో చూడండి. గుడ్డ ఒక పొర వెనక మీ చేయి, దాని వెనక ఫోన్ టార్చ్ పెట్టండి. వెలుగు కాస్త పరుచుకుంటే సరే. మీ వేళ్లు విడివిడిగా కనిపిస్తే ఆఫీసు ట్యూబ్‌లైట్ల కింద మీ లోదుస్తులూ అలాగే కనిపిస్తాయి. ఆన్‌లైన్‌లో తెప్పించినా ఇవన్నీ ఇంట్లో, ట్యాగ్ తీయకముందు చేయాలి. హాస్టల్ ప్లాస్టిక్ కుర్చీలో పావుగంట కూర్చుని లేవండి. గుడ్డ వెనక ఎన్ని ముడతలు పడ్డాయో చూస్తే ఆఫీసులో సాయంత్రానికి ఎలా ఉంటుందో తెలిసిపోతుంది. నచ్చకపోతే అదే రోజు వాపసుకు పెట్టేయండి, రేపు చూద్దాం అనుకుంటే గడువు దాటుతుంది.

పక్క కుట్టు లోపల తెల్లటి చిన్న లేబుల్ ఉంటుంది, గుడ్డ దేనితో చేశారో దాని మీద రాసి ఉంటుంది. విస్కోస్ అని ఉంటే మనం రేయాన్ అంటామే, అదే. ఒంటికి హాయిగా, మెత్తగా ఉంటుంది కానీ మొదటి ఉతుకులో ముడుచుకుంటుంది, తడిసినప్పుడు బలం తగ్గుతుంది. అందుకే రేయాన్ డ్రెస్సును బట్టల సబ్బుతో బండకేసి బాదకూడదు, గట్టిగా పిండకూడదు. కాటన్, పాలిస్టర్ కలిపి నేసినవి మీ ఇస్త్రీ లేని హాస్టల్‌కు చక్కగా సరిపోతాయి. ముడతలతోనే వచ్చే క్రింకిల్ కాటన్ కూడా మంచిదే. లినెన్ మాత్రం వద్దు. పది నిమిషాలు కూర్చుంటే చాలు, నలిగిపోతుంది.

డబ్బు లెక్క చూసుకుందాం. నల్ల స్కర్టుకు 800, ఇకత్ స్కర్టుకు వెయ్యి, షర్ట్ డ్రెస్సుకు 1,200. మాల్‌లోని మ్యాక్స్, జూడియో, ట్రెండ్స్ లాంటి చోట్ల, మింత్రా, అజియో లాంటి సైట్లలో ఈ ధరల దరిదాపుల్లో వెతుక్కోవచ్చు. ఏసీ చలికి ఒక సాదా నల్ల ష్రగ్గో, కార్డిగానో 500. లోపల వేసుకునే సైక్లింగ్ షార్ట్స్ రెండు, కాటన్ స్లిప్ ఒకటి కలిపి 400. ఈ షార్ట్స్ అనవసరం ఖర్చు అనుకోకండి. నడిచేటప్పుడు తొడలు రాసుకుని మంట పుట్టకుండా, స్టేషన్ మెట్ల మీద గాలి వీచినా బెంగ లేకుండా కాపాడేవి అవే. కుర్తీల ఆల్టరేషన్‌కు 300 పక్కన పెట్టండి. అంతా కలిపి 4,200. మిగిలిన 800 ముట్టుకోకండి. చెప్పులు మీకు ఉన్నవే చాలు, చదునుగా, నలుపో గోధుమ రంగో అయితే ఈ మూడింటికీ నప్పుతాయి.

ఇంకో మాట. 2025 సెప్టెంబర్ 22 నుంచి 2,500 రూపాయల లోపు బట్టల మీద జీఎస్టీ 5 శాతం, అంతకు మించిన ధర ఉన్న వాటి మీద 18 శాతం. మీరు కొనేవన్నీ ఆ గీతకు బాగా కిందే ఉన్నాయి. లేబుల్ మీద ఎమ్మార్పీలో పన్ను కలిసే ఉంటుంది కాబట్టి ఆ పైన పన్ను పేరుతో ఎవరైనా ఇంకా అడిగితే ఇవ్వక్కర్లేదు.

తిప్పి తిప్పి వేసుకుంటే నవ్వుతారేమోనన్న మీ భయం గురించి. మీ టీమ్‌లో మగవాళ్లను గమనించండి. రెండు ప్యాంట్లు, ఐదు చొక్కాలతో ఏడాది గడుపుతారు, ఎవరూ లెక్క పెట్టరు. నల్ల స్కర్టు వారానికి రెండుసార్లు వేసుకున్నా, సోమవారం ఒక టాప్, గురువారం ఇంకోటి అయితే ఎవరి కంటికీ ఆనదు. గుర్తుండిపోయేది పెద్ద డిజైన్ ఉన్నది, అంటే మీ ఇకత్ స్కర్టు. దాన్ని వారానికి ఒకసారి చాలు. ఎవరైనా 'మళ్లీ అదేనా' అంటే 'అవును, మా అమ్మ కుట్టింది' అనండి. ఆ మాటకు ఎదురు చెప్పే మనిషి ఉండడు, మీరూ తల దించుకోవలసిన పని లేదు. ఉతికిన బట్ట, ఊడని గుండీ, సరిగ్గా ఉన్న అంచు. పనిచేసే చోట మీ నుంచి ఎవరైనా కోరదగ్గది అంతే. ఇరవై రెండు వేల జీతంలోంచి ఇంటికి కూడా పంపుతున్న అమ్మాయి, రోజుకో కొత్త డ్రెస్సు లేదని కుంగిపోవడం నాకు చాలా బాధ అనిపిస్తుంది.

కొనేముందు ఆఫీసు నిబంధనలు ఒకసారి చూసుకోండి. చేరినప్పుడు ఇచ్చిన కాగితాల్లోనో, హెచ్ఆర్ పంపిన మెయిల్లోనో బట్టల గురించి రెండు వాక్యాలు ఉంటాయి. బిజినెస్ క్యాజువల్ (మరీ ఫార్మల్‌గా కాకపోయినా నీటుగా ఉండే బట్టలు) అని రాసి ఉంటే పైన చెప్పిన మూడూ అందులో ఇమిడిపోతాయి. అనుమానం ఉంటే బయటి క్లయింట్లతో మాట్లాడే సీనియర్ మహిళలు మంగళ, బుధవారాల్లో ఏం వేసుకుంటున్నారో చూడండి. శుక్రవారం చూసి అంచనా వేయకండి, ఆ రోజు చాలా ఆఫీసుల్లో పట్టు సడలుతుంది. చేతుల్లేని డ్రెస్సు మీద ష్రగ్ వేసుకుంటే ఎక్కడైనా చెల్లుతుంది.

అలమారలో పడున్న డ్రెస్సును కూడా ఖమ్మం పట్టుకెళ్లండి. పొట్టిగా ఉంది, పలచగా ఉంది అన్నారు. లోపల అదే రంగు కాటన్ లైనింగ్ వేయిస్తే పలచదనం పోతుంది. పొడవుకు కింద నాలుగంగుళాల పట్టీ అతికించొచ్చు, రంగు కలవకపోతే ముదురు రంగు పట్టీయే కావాలని పెట్టినట్టు ఉంటుంది. అదీ కుదరకపోతే తుంటి కిందికి కత్తిరించి నల్ల స్కర్టు మీదికి ఐదో టాప్ చేసేయండి. 1,800 వృథా పోదు.

ఉతుకు దగ్గరే చాలామంది బట్టలు పాడుచేసుకుంటారు కాబట్టి అదీ చెప్పి ముగిస్తాను. ఇకత్ స్కర్టు కుట్టాక కూడా మొదటి రెండు మూడుసార్లు విడిగా, చల్లని నీళ్లలో ఉతకండి. ఎరుపు, ఇండిగో రంగులు ఉంటే వేసుకునే ముందు తడి తెల్ల చేతిరుమాలుతో లోపలి వైపు రుద్ది చూడండి. రుమాలుకు రంగు అంటితే మీ బ్యాగుకు, ఆఫీసు కుర్చీకి కూడా అంటుతుంది, ఇంకోసారి ఉతకాలి. ఉప్పునీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందని మీ హాస్టల్లో ఎవరో ఒకరు చెబుతారు. ఉప్పు అద్దకం వేసేటప్పుడు రంగు పట్టడానికి సాయపడుతుంది గానీ తయారైన గుడ్డ రంగు పోకుండా ఆపలేదు. నల్ల స్కర్టును తిరగేసి ఉతికి, తిరగేసే నీడలో ఆరేయండి. గట్టిగా పిండకుండా నీళ్లు కారేలా కాసేపు వదిలి, బెల్టు దగ్గర రెండు క్లిప్పులు పెట్టి నిలువుగా వేలాడదీయండి. షర్ట్ డ్రెస్సును తడిగా ఉన్నప్పుడే హ్యాంగర్‌కు తగిలించి, పై గుండీ పెట్టి, కాలర్‌ను, గుండీల పట్టీని అరచేత్తో సాగదీసి సర్దండి. తెల్లారేసరికి ఇస్త్రీ లేకుండానే వేసుకునేలా ఉంటుంది.